పటానికి రంగేసే ముందు హారం సంగతి

ప్రశ్న: సమాజశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత 2001 నుంచి 2011కి మండలాలవారీగా ఎలా మారింది, వలసకూ దానికీ సంబంధం ఏమిటి అన్నది నా అంశం. జనగణన పట్టికలు డౌన్‌లోడ్ చేసుకుని, ఇంటర్నెట్‌లో దొరికిన తెలంగాణ మండలాల పటంతో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో కలిపాను. చాలా మండలాలు తెల్లగా మిగిలిపోయాయి. పైగా నాకు వచ్చిన జిల్లా శాతం జనగణనవారు ప్రకటించినదానికన్నా బాగా తక్కువ. రంగు పడిన పటంలో ముందు కంటికి కనపడేది నల్లమల వైపే. వలస ఎక్కువున్న పడమటి మండలాల్లో అక్షరాస్యత తక్కువగా ఉంది కాబట్టి, వలస వెళ్లే ఆడవాళ్లు చదువురానివాళ్లని రాయవచ్చా? ఆరు ఊళ్లలో 120 కుటుంబాలతో మాట్లాడాను, ఆ ఇళ్ల జీపీఎస్ పాయింట్లు కూడా ఉన్నాయి. వాటినీ పటంలో పెట్టమని గైడ్ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: క్యూజీఐఎస్‌ని రెండు రోజులు మూసేయండి. మీ చిక్కుల్లో సగం పట్టికలోనే ఉన్నాయి, అవి ఎక్సెల్‌లోనే తేలిపోవాలి.

జిల్లా శాతం తక్కువ రావడానికి కారణం దాదాపు ఖాయంగా ఇదే: అక్షరాస్యులైన ఆడవాళ్ల సంఖ్యను మొత్తం ఆడవాళ్ల సంఖ్యతో భాగించి ఉంటారు. జనగణనలో అక్షరాస్యత రేటు కట్టేది ఏడేళ్లు, ఆ పైన వయసున్నవారికే. ఏడేళ్లు నిండని పిల్లలు బడికి పోయి అఆలు దిద్దుతున్నా లెక్కలో నిరక్షరాస్యుల కిందే ఉంటారు. పీసీఏ అని అందరూ పిలిచే ప్రాథమిక జనగణన సారం పట్టికలో మొత్తం ఆడవాళ్లకు ఒక కాలమ్, 0–6 ఏళ్ల ఆడపిల్లలకు ఒకటి, అక్షరాస్యులైన ఆడవాళ్లకు ఒకటి ఉంటాయి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మిగిలేది మీ హారం, అంటే కింద ఉండి భాగించే అంకె. మాటకి ఒక మండలంలో 24,000 మంది ఆడవాళ్లు, అందులో 0–6 ఏళ్లవారు 3,600, అక్షరాస్యులు 8,160 అనుకోండి. 24,000తో భాగిస్తే 34 శాతం. 20,400తో భాగిస్తే 40.

ఆరు పాయింట్లేగా, అన్నిచోట్లా ఒకే తీరున తగ్గితే పటం మారదుగా అనిపించవచ్చు. ఒకే తీరున తగ్గదు. పిల్లల వాటా ఎక్కువున్న మండలాన్ని ఈ తప్పు నిష్పత్తిలో ఎక్కువ కిందికి లాగుతుంది. చాలాసార్లు అక్షరాస్యత తక్కువుండేదీ అలాంటి మండలమే. దాంతో మండలాల మధ్య తేడా ఉన్నది ఉన్నట్టు కనపడదు. ఇంకో సంగతి, 2001కీ 2011కీ మధ్య పిల్లల వాటా తగ్గింది. తప్పు హారంతో కడితే పదేళ్లలో వచ్చిన పెరుగుదల కూడా తప్పుగా వస్తుంది. మీ థీసిస్ ఆ పెరుగుదల గురించే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. 1981కి వెనక్కి వెళ్లే ఆలోచన ఉంటే మరో మెలిక: అప్పటిదాకా ఐదేళ్లు పైబడినవారిని లెక్కలోకి తీసుకునేవారు, ఏడేళ్ల లెక్క 1991 నుంచే.

అదే పట్టికలో మండలానికి మొత్తం, గ్రామీణం, పట్టణం అని వేర్వేరు వరుసలుంటాయి. వాటి కింద ఊళ్లు, పట్టణాలు, వార్డులు. ఫిల్టర్ పెట్టకుండా కూడితే ఒకే మనిషి మూడు నాలుగుసార్లు లెక్కకొస్తుంది. క్యూజీఐఎస్‌లో పట్టికను పటంతో జాయిన్ చేసేటప్పుడు ఇది ఇంకా తెలియకుండా జరుగుతుంది: ఒక కోడ్‌కు మూడు వరుసలు దొరికితే అది ఏదో ఒకదాన్ని తీసుకుని ఊరుకుంటుంది, తప్పని చెప్పదు. మండలస్థాయి, ‘మొత్తం’ అన్న వరుసలను మాత్రమే వేరే షీట్‌లోకి తీసుకోండి. పాత మహబూబ్‌నగర్‌కు సరిగ్గా 64 వరుసలు రావాలి. ఆ 64లోని ఆడవాళ్ల మొత్తం పీసీఏలో జిల్లా వరుసలో ఉన్న అంకెతో ఒక్కరు కూడా తేడా లేకుండా సరిపోవాలి. సరిపోకపోతే ముందుకు కదలొద్దు.

శాతాలకు సగటు కట్టడం ఇంకో పాత పొరపాటు. 100 మంది ఆడవాళ్లున్న ఊళ్లో 60 శాతం, 3,000 మంది ఉన్న ఊళ్లో 30 శాతం ఉంటే సగటు 45 కాదు. చదివినవాళ్లు 60, 900, కలిపితే 960. దాన్ని 3,100తో భాగిస్తే 31. ఊళ్లను మండలంగా, మండలాలను జిల్లాగా కలిపిన ప్రతిసారీ లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడి చివర్లో ఒక్కసారే భాగించండి.

ఇక తెల్లగా మిగిలిన మండలాలు. మీరు తెచ్చుకున్నది ఇప్పటి పటం, మీ లెక్కలు 2011వి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి, మండలాలు 459 నుంచి 584కి పెరిగాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి జిల్లాలు 33 అయ్యాయి. మీ 64 మండలాలు ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాల్లో ఉన్నాయి. షాద్‌నగర్ వైపువి రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు పోయాయి. మధ్యలో కొత్త మండలాలు పుట్టాయి: మాగనూరులోంచి కృష్ణ, అమ్రాబాద్‌లోంచి పదర, కొల్లాపూర్‌లోంచి పెంట్లవెల్లి, ఇలా. 2011 పట్టికకు పదర అనే మండలమే తెలియదు, అందుకే అక్కడ తెలుపు.

తెల్లగా ఉన్నవాటితో ప్రమాదం తక్కువ, లోటు కంటికి తెలుస్తోంది. రంగు పడినవాటితోనే అసలు భయం. పదర విడిపోయాక మిగిలిన అమ్రాబాద్ మీద, పదర కూడా కలిసి ఉన్నప్పటి అంకె వచ్చి కూర్చుంది. పేరు కలిసింది, కోడ్ కలిసింది, నేల మాత్రం వేరు. ఈ తప్పును పటం చూసి ఎవరూ పట్టుకోలేరు.

దారి ఒక్కటే: ఊరిని ఆధారం చేసుకోవడం. జిల్లాలు, మండలాలు ఎన్నిసార్లు మారినా రెవెన్యూ గ్రామం చాలావరకు అలాగే ఉంటుంది. 2011 జనగణన ఊళ్ల పొలిమేరల ఫైలు సంపాదించండి. అందులో ప్రతి ఊరికీ ఆరంకెల కోడ్, దాని మండలానికి ఐదంకెల కోడ్ ఉంటాయి. ముందు పొలిమేర గీతల్లోని తప్పులను సరిచేసే ‘ఫిక్స్ జామెట్రీస్’ నడపండి. ఇది మానేస్తే తర్వాతి మెట్టు మధ్యలో ఆగిపోతుంది. తర్వాత మండలం కోడ్ మీద ‘డిజాల్వ్’ చేస్తే ఊళ్లు కరిగి 2011 నాటి 64 మండలాలు బయటికొస్తాయి. ఊళ్ల మధ్య సన్నని చీలికలు, గుంతలు మిగిలితే ‘డిలీట్ హోల్స్’తో పూడ్చవచ్చు. అయితే ప్రతి గుంతా చెత్త అనుకోవద్దు. ఇలాంటి ఫైళ్లలో పట్టణాలు ఒక్కోసారి వేరే లేయర్‌లో ఉండి ఊళ్ల లేయర్‌లో ఖాళీగా కనపడతాయి. పట్టణాల లేయర్‌ని ముందే కలిపాకే డిజాల్వ్ చేయాలి. వచ్చిన గీతలను జిల్లా జనగణన హ్యాండ్‌బుక్‌లోని మండల పటంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి.

గైడ్ గారు కొత్త జిల్లాల ప్రకారమే కావాలంటే పని తిరగబడుతుంది. 2016 నాటి జీవోల అనుబంధాల్లో ఏ మండలంలోకి ఏ రెవెన్యూ గ్రామాలు వెళ్లాయో జాబితాలున్నాయి. వాటి ప్రకారం ప్రతి ఊరికీ కొత్త మండలం పేరు ఎదురుగా రాసుకుని, ఊరిస్థాయి లెక్కలను మళ్లీ కూడాలి. విస్తీర్ణం నిష్పత్తిలో జనాభాను పంచే అడ్డదారి ఒకటుంది, కొన్ని పుస్తకాల్లోనూ కనపడుతుంది. మీ జిల్లాలో అది పనికిరాదు. అమ్రాబాద్ నేలలో చాలా భాగం అడవి. ఆ లెక్కన చెట్లకూ జనాభా వస్తుంది.

1991, 2001, 2011 మూడింటినీ కలపాలనుకుంటే డెవలప్‌మెంట్ డేటా ల్యాబ్ వారి ష్రగ్ అనే దత్తాంశం చూడండి. జనగణనల మధ్య విడిపోయిన, కలిసిపోయిన ఊళ్లను ఒకే మారని యూనిట్‌గా కట్టిపెట్టారు. 1951 దాకా వెనక్కి వెళ్లాలనిపిస్తే మాత్రం గద్వాల, ఆలంపూర్‌లను రాయచూరు జిల్లా పుస్తకంలో, కొడంగల్‌ను గుల్బర్గా పుస్తకంలో వెతకాలి. అవి ఇటు వచ్చింది 1956లో.

జాయిన్ చేసేటప్పుడు పేరుతో కలపకండి. షాద్‌నగర్ అని అందరూ పిలిచే ఊరి మండలం రికార్డుల్లో ఫరూఖ్‌నగర్. రామచంద్రాపురం అనే మండలం ఉమ్మడి రాష్ట్రంలో మెదక్‌లోనూ ఉంది, తూర్పుగోదావరిలోనూ ఉంది, చిత్తూరులోనూ ఉంది. ఇక ఇంగ్లిషు స్పెల్లింగుల్లో పల్లె, పల్లి, పెద, పెద్ద అన్నీ గుమాస్తా దయ. కోడ్‌తోనే కలపాలి, అందులోనూ రెండు గుంటలున్నాయి. మొదటిది, 2001 కోడ్‌లు, 2011 కోడ్‌లు వేరు పద్ధతులు. 2001లో మండలానికి నాలుగంకెలు, 2011లో ఐదంకెలు. మీ 64 మండలాలకు రెండు కోడ్‌లూ పక్కపక్కన ఉండే చిన్న పట్టిక ఒకటి చేత్తో తయారుచేసుకోండి, గంట పని. రెండోది, 2011 మండల కోడ్‌లన్నీ సున్నాతో మొదలవుతాయి. సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే ఆ సున్నా ఎగిరిపోతుంది, పటంలో ఉంటుంది, రెండూ కలవవు. ఎక్సెల్‌లో ‘డేటా’ మెనూ నుంచి తెచ్చుకుని ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా పెట్టండి. ఇప్పటికే పోయి ఉంటే క్యూజీఐఎస్ ఫీల్డ్ కాల్క్యులేటర్‌లో ఎల్‌ప్యాడ్ అనే ఫంక్షన్ ఐదంకెలకు తక్కువైన చోట ముందు సున్నాలు చేరుస్తుంది. ఫైలును షేప్‌ఫైల్‌గా కాకుండా జియోప్యాకేజ్‌గా దాచండి. షేప్‌ఫైల్ కాలమ్ పేర్లను పది అక్షరాలకు నరికేస్తుంది, తెలుగు అక్షరాలను ఒక్కోసారి ప్రశ్నార్థకాలుగా మార్చేస్తుంది.

ఇప్పుడు రంగులు. ఒక ప్రాంతం మొత్తాన్ని అంకెను బట్టి ముదురు, లేత రంగులతో నింపే ఇలాంటి పటాల్లో మనకు తెలిసిన మొదటిది చదువు గురించే. 1826లో ఫ్రాన్స్‌లో షార్ల్ డ్యూపాన్ వేశాడు. బడికి పోయే పిల్లలు తక్కువున్న జిల్లాలకు ముదురు నలుపు వేసి, దేశాన్ని చీకటి ఫ్రాన్స్, వెలుగు ఫ్రాన్స్ అని రెండుగా చూపించాడు. రంగు అప్పటినుంచే తీర్పు చెబుతోంది. మీరు ముదురు రంగు దేనికి వేస్తున్నారో ఆలోచించి వేయండి. అక్షరాస్యత పటంలో ముదురంటే ఎక్కువ అక్షరాస్యత అని పెట్టుకుంటే చదివేవాళ్లకు తికమక ఉండదు. ఒకే రంగు లేత నుంచి ముదురుకు, ఐదు మెట్లు చాలు. ఎరుపు, ఆకుపచ్చ జంట వద్దు. వర్ణాంధత ఉన్నవాళ్లకు రెండూ ఒకటే, జిరాక్స్‌లో అందరికీ ఒకటే.

మెట్లు ఎక్కడ కోయాలన్నది రంగుకన్నా పెద్ద నిర్ణయం. క్యూజీఐఎస్‌లో ‘నేచురల్ బ్రేక్స్’ నొక్కితే అందంగా వస్తుంది, కాని 2001కి ఒక రకంగా, 2011కి ఒక రకంగా కోస్తుంది. రెండు పటాల్లోనూ ఒకే ముదురు, విలువలు మాత్రం వేరు. ‘ఈక్వల్ కౌంట్’ అయితే ఏ ఏడాది చూసినా ప్రతి మెట్టులో పదమూడో పన్నెండో మండలాలే ఉంటాయి, అంటే జిల్లా మొత్తం బాగుపడినా పటం ఉలకదు. రెండేళ్లనూ పోల్చాలంటే మెట్లు మీరే చేత్తో పెట్టాలి: 25కి తక్కువ, 25–34.9, 35–44.9, 45–54.9, 55 ఆపైన. రెండింటికీ అవే.

నల్లమల ముందు కనపడటం మీ డేటా చెప్పే మాట కాదు, విస్తీర్ణం చేసే పని. అమ్రాబాద్‌ది పెద్ద నేల, కొద్ది జనం. మహబూబ్‌నగర్ మండలం పటంలో గింజంత ఉంటుంది, ఆడవాళ్లు అక్కడే ఎక్కువ. దీనికి మండలాన్ని నింపడం మానేసి, మధ్యలో ఒక వృత్తం పెట్టండి. వృత్తం పరిమాణం ఏడేళ్లు పైబడిన ఆడవాళ్ల సంఖ్య, రంగు అక్షరాస్యత శాతం. పెరగాల్సింది వృత్తం వైశాల్యం: 10,000 మందికి 3 మిల్లీమీటర్ల వ్యాసం పెడితే 40,000 మందికి 6 పెట్టాలి, 12 కాదు. క్యూజీఐఎస్ సైజ్ అసిస్టెంట్‌లో ‘సర్ఫేస్’ ఎంచుకుంటే ఈ లెక్క అదే చూసుకుంటుంది, ‘రేడియస్’ ఎంచుకుంటే పెద్ద ఊళ్లు భూతాల్లా కనపడతాయి. వృత్తాల వెనక అడవి భాగాన్ని బూడిద గీతలతో చూపితే ఇంకా నయం.

జనసాంద్రత కట్టాల్సివస్తే ఒక్క జాగ్రత్త. ఫైలు అక్షాంశ రేఖాంశాల్లో ఉన్నప్పుడు ప్లానార్ ఏరియా ఫంక్షన్ వాడితే డిగ్రీల వర్గాల్లో అర్థంలేని అంకె వస్తుంది. లేయర్‌ను ఈపీఎస్‌జీ 32644కి, అంటే నేలను మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు మార్చుకోండి. దాని పడమటి సరిహద్దు 78 డిగ్రీల రేఖ, అది మహబూబ్‌నగర్ పట్టణం పక్కనుంచే పోతుంది. నారాయణపేట వైపు నేల అవతలి జోన్‌లో పడినా మొత్తానికి ఇదొక్కటే వాడితే విస్తీర్ణంలో వచ్చే తేడా అర శాతం లోపే.

ఇంతా చెప్పి ఒక మాట: పదేళ్ల మార్పు చూపడానికి పక్కపక్కన రెండు పటాలు అంత మంచి సాధనం కాదు. 64 ముక్కలను అటూ ఇటూ కళ్లు తిప్పి ఎవరూ పోల్చలేరు. అడ్డంగా 2001 శాతం, నిలువుగా 2011 శాతం పెట్టి 64 చుక్కలు వేయండి. రెండూ సమానమయ్యే వాలుగీత ఒకటి గీయండి. చుక్క గీతకు ఎంత పైనుంటే అంత పెరుగుదల. వెనకబడిన మండలాలు ముందున్నవాటిని అందుకుంటున్నాయో, దూరం పెరుగుతోందో ఒక్క చూపులో తెలుస్తుంది. పటం దాని పక్కన, మార్పు ఎక్కడ జరిగిందో చెప్పడానికి. రాసేటప్పుడు 30 నుంచి 45కి వెళ్లడం 15 పాయింట్ల పెరుగుదల, 50 శాతం పెరుగుదల అన్న తేడా తప్పకండి.

వలస గురించి మీరడిగిన ప్రశ్నకు జవాబు: రాయకూడదు. మండలాల సంబంధాన్ని మనుషులకు అంటగట్టడం అవుతుంది. డబ్ల్యూ. ఎస్. రాబిన్సన్ 1950లో అమెరికా 1930 జనగణనతో దీన్ని లెక్కకట్టి చూపాడు, అదీ అక్షరాస్యత మీదే. 48 రాష్ట్రాల స్థాయిలో చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ, సహసంబంధం మైనస్ 0.53. మనిషి మనిషిని చూస్తే విదేశాల్లో పుట్టినవాళ్లలోనే నిరక్షరాస్యత ఎక్కువ, ప్లస్ 0.12. గుర్తే తిరగబడింది. వలస వచ్చినవాళ్లు అక్షరాస్యత బాగున్న రాష్ట్రాల్లో స్థిరపడటమే కారణం. మీ పడమటి మండలాల్లోనూ చదువుకున్న ఆడవాళ్లే ఎక్కువ వెళ్తూ ఉండవచ్చు, అసలు సంబంధమే లేకపోవచ్చు. మండల పటం దాన్ని తేల్చలేదు. మీ 120 కుటుంబాల ఇంటర్వ్యూలు తేల్చగలవు, ఆ ఆరు ఊళ్ల మేరకు.

ఇంకా లోతైన చిక్కు ఒకటుంది, దీనికి థీసిస్‌లో ఒక పేజీ కేటాయించినా తప్పులేదు. 2001లోనూ 2011లోనూ జనాన్ని లెక్కపెట్టింది ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు. వానాకాలం పంట చేతికొచ్చాక కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీల వెంట బయల్దేరిన పాలమూరు కుటుంబాలు ఇళ్లకు తాళాలేసి ఉండే కాలం అదే. ఆ రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లు ఆ ఊరి లెక్కలోకి రారు. కాబట్టి వలస మండలాల్లో మీకు దొరికిన అక్షరాస్యత ఊళ్లో మిగిలినవాళ్లది, అందులో ముసలివాళ్ల వాటా ఎక్కువ. వలస వల్ల చదువు తగ్గిందో, వలస వల్ల లెక్కే మారిందో విడదీయాలంటే ఇంటర్వ్యూల్లో ఫిబ్రవరిలో ఎక్కడున్నారన్న ప్రశ్నకు జవాబుందేమో చూసుకోండి. మండలస్థాయిలో వలస ఎంతో మీరెక్కడ తీసుకున్నారో కూడా స్పష్టంగా రాయాలి. జనగణన వలస పట్టికలు ప్రధానంగా జిల్లాస్థాయివి.

ఇళ్ల జీపీఎస్ పాయింట్లను పటంలో పెట్టకండి. గైడ్ గారికి నచ్చచెప్పడానికి ఒక్క సంగతి చాలు: థీసిస్ శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్‌ల భాండాగారంలోకి ఎక్కుతుంది, ఎవరైనా తెరవవచ్చు. మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నారో చెప్పిన ఇల్లు ఏదో ఊళ్లో ఎవరైనా పటం చూసి చెప్పేస్తారు. చుక్కను వంద మీటర్లు జరిపినా లాభం లేదు, ఇరవై ఇళ్లలో ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. ఊళ్లకు మారుపేర్లు పెట్టి, మండలస్థాయిలోనే చూపండి. జీపీఎస్ ఫైలు పాస్‌వర్డ్‌తో విడిగా ఉండాలి, ఇంటర్వ్యూ ఫైలులో కుటుంబం నంబరు మాత్రమే. ఫోన్‌తో తీసిన ఫొటోల్లోనూ స్థలం వివరాలు దాగి ఉంటాయి, చేర్చేముందు తీసేయండి.

ఆ ఇంటర్వ్యూలను చూపాలంటే ఎక్కడినుంచి ఎక్కడికి అన్న బాణాల పటం బాగుంటుంది. బాణం మందం కుటుంబాల సంఖ్య. ఐదు కుటుంబాలకన్నా తక్కువ వెళ్లిన చోట్లన్నీ కలిపి ‘ఇతర’ అనండి. లేకపోతే పటం సాలెగూడు అవుతుంది, ఒంటరిగా వెళ్లిన కుటుంబం ఏదో కూడా తెలిసిపోతుంది. శీర్షికలోనే ‘ఆరు ఊళ్లలోని 120 కుటుంబాలు’ అని రాయండి, జిల్లా వలస అని కాదు. ముంబై, పుణె దాకా చూపడానికి దేశపటం వాడితే సర్వే ఆఫ్ ఇండియా వారి సరిహద్దులే వాడాలి. విదేశీ సైట్లలో దొరికే ఫైళ్లలో కశ్మీర్ గీత వేరుగా ఉంటుంది, అది మన చట్టం ఒప్పుకోదు.

చివరగా అచ్చు. పేర్లు తెలుగులో వేయాలంటే యూనికోడ్ ఫాంటు కావాలి, అను ఫాంట్లలో టైపు చేసినవి క్యూజీఐఎస్‌లో చెత్తగా వస్తాయి. నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటాయి. పేర్ల అక్షరాల మధ్య ఎడం పెంచకండి, నది వంపు వెంట పేరును వంచకండి. ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు అక్షరాలను టెక్స్ట్‌గా కాకుండా పాత్‌లుగా పంపమనే ఎంపిక పెట్టండి. అప్పుడు ప్రింటింగు షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోయినా ఫరూఖ్‌నగర్ ఫరూఖ్‌నగర్‌లాగే వస్తుంది.